రాజా రవివర్మ

రాజా రవివర్మ (ఏప్రిల్ 29, 1848 - అక్టోబర్ 2, 1906) ప్రసిద్ధి చెందిన భారతీయ చిత్రకారుడు. పూర్వపు తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించాడు. యూరోపియన్ల తైలవర్ణ చిత్రణ పద్ధతిని రామాయణ, మహాభారత, పురాణ కథలకు అన్వయించి పేరుగాంచాడు. తెలుగువారి పూజామందిరాలలో నేటికీ కనిపించే లక్ష్మీ, సరస్వతుల రూపాలు చాలా వరకు ఈయన చిత్రాల నుండి వచ్చినవే.

రవివర్మ చిత్రకారుడు మాత్రమే కాదు, తన చిత్రాలను తానే అచ్చువేయించి అమ్మిన వ్యాపారి కూడా. 1894లో బొంబాయిలో శిలాముద్రణాలయాన్ని స్థాపించి, అంతవరకు రాజమందిరాల గోడలకే పరిమితమైన చిత్రాలను సామాన్యుల ఇళ్ళకు చేర్చాడు. ఆ ముద్రణాలయం ఆయన పేరును దేశమంతటా వ్యాపింపజేసింది కాని ఆయనకు లాభాలు తెచ్చిపెట్టలేదు. కొద్ది సంవత్సరాలకే అప్పుల కారణంగా దానిని అమ్మివేయవలసి వచ్చింది.

బాల్యము

రవివర్మ తల్లి ఉమాంబ బాయి, తండ్రి ఏళుమావిల్ నీలకంఠన్ భట్టతిరిపాడ్. కేరళలోని మాతృవంశ సంప్రదాయం ప్రకారం ఈయన తల్లి పుట్టింటివారైన కిళిమానూరు ప్రభువంశీయుల ఇంట పెరిగాడు. ఈ కుటుంబానికి తిరువాన్కూరు రాజకుటుంబంతో వివాహ సంబంధాలుండేవి. సోదరులు గోదవర్మ, సి. రాజరాజవర్మ. సోదరి మంగళాబాయి. వీరిలో రాజరాజవర్మ, మంగళాబాయి కూడా చిత్రకారులే.

చిన్నతనంలో బొగ్గుతో ఇంటి గోడలపై బొమ్మలు గీసేవాడని చెబుతారు. మేనమామ రాజరాజవర్మ మేనల్లుని ప్రతిభను గుర్తించి తొలి పాఠాలు నేర్పాడు. 1862లో, పదునాలుగేళ్ళ వయసులో, రవివర్మను తిరువనంతపురానికి తీసుకువెళ్ళి మహారాజు ఆయిల్యం తిరునాళ్‌కు పరిచయం చేశాడు. మహారాజు ఆ బాలునికి ఆశ్రయమిచ్చాడు.

చిత్రకళాభ్యాసము

ఆస్థాన చిత్రకారుడైన రామస్వామి నాయుడు వద్ద రవివర్మ నీటిరంగుల చిత్రణను పరిశీలించాడు. ఆనాడు తైలవర్ణాలతో చిత్రించడం దేశీయ చిత్రకారులలో బహు కొద్దిమందికే తెలుసు. తెలిసినవారు ఇతరులకు నేర్పడానికి ఇష్టపడేవారు కారు. రామస్వామి నాయుడు శిష్యుడైన ఆరుముఖం పిళ్ళై రహస్యంగా కొంత సహాయం చేశాడు. 1868లో థియోడర్ జెన్సన్ అనే యూరోపియన్ చిత్రకారుడు మహారాజు చిత్రాన్ని గీయడానికి తిరువనంతపురం వచ్చాడు. అతడు కూడా పాఠాలు చెప్పలేదు కాని, తాను పనిచేస్తుండగా చూడడానికి రవివర్మను అనుమతించాడు. చూసి నేర్చుకున్నదానిని సొంతగా సాధన చేసి రవివర్మ తైలవర్ణ చిత్రణలో ప్రావీణ్యం సంపాదించాడు.

వృత్తి ప్రారంభము

1870లో రవివర్మ కొల్లూరు మూకాంబికా దేవి ఆలయానికి యాత్ర వెళ్ళి దీక్ష చేశాడు. అదే సంవత్సరం కోళిక్కోడ్‌లో సబ్ జడ్జిగా ఉన్న కృష్ణ మీనన్ కుటుంబ చిత్రాన్ని ప్రతిఫలం తీసుకొని చిత్రించాడు. డబ్బు తీసుకొని చేసిన తొలి చిత్రంగా దీనిని పేర్కొంటారు. ప్రభువంశంలో జన్మించినవాడు పైకం తీసుకొని బొమ్మలు వేయడం ఆ కాలంలో సాధారణమైన విషయం కాదు. రవివర్మ చిత్రలేఖనాన్ని వినోదంగా కాక జీవనవృత్తిగా స్వీకరించాడు.

ఆయనకు పేరు తెచ్చినవి బహిరంగ ప్రదర్శనలు. 1873లో మద్రాసు కళా ప్రదర్శనలో జడలో మల్లెపూలు ముడుచుకుంటున్న నాయర్ స్త్రీ చిత్రానికి గవర్నరు బంగారు పతకం లభించింది. అదే సంవత్సరం వియన్నా అంతర్జాతీయ ప్రదర్శనలో కూడా ఆ చిత్రం బహుమతి పొందింది. 1876లో మద్రాసులో ప్రదర్శించిన శకుంతల పత్రలేఖనం చిత్రాన్ని అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కొన్నాడు. తరువాత సంస్కృత పండితుడు మోనియర్ విలియమ్స్ చేసిన శాకుంతల నాటక ఆంగ్లానువాదానికి ఈ చిత్రమే ముఖచిత్రమయింది.

1880లో ఆయిల్యం తిరునాళ్ మరణించాడు. తరువాత గద్దెనెక్కిన విశాఖం తిరునాళ్‌తో రవివర్మకు సఖ్యత కుదరలేదు. ఒక్క రాజాశ్రయాన్నే నమ్ముకొనడం ఎంత ప్రమాదమో ఈ మార్పు తెలియజేసింది. అప్పటినుండి ఆయన సంస్థానాలు తిరుగుతూ చిత్రాలు వేయడం ప్రారంభించాడు. 1881లో బరోడా వెళ్ళి, ఆ సంవత్సరం పాలనాధికారం స్వీకరించిన మూడవ శాయాజీరావు గైక్వాడ్ ఆదరణ పొందాడు. 1885లో చామరాజేంద్ర ఒడయార్ ఆహ్వానంపై మైసూరు వెళ్ళాడు.

ఈ పర్యటనలన్నింటిలో తమ్ముడు రాజరాజవర్మ తోడుండేవాడు. ఆయన ప్రకృతి దృశ్యాల చిత్రణలో నిపుణుడు. అన్నగారి చిత్రాలలో నేపథ్యాలను గీయడమే కాక ఉత్తర ప్రత్యుత్తరాలు, లెక్కలు, ప్రయాణ ఏర్పాట్లు చూసేవాడు. అన్నదమ్ములిద్దరూ ఒక చిత్రశాలగా పనిచేశారు. అవసరమైనప్పుడు ఛాయాచిత్రాలను ఆధారం చేసుకొనేవారు. చిత్రాలు కోరుతూ వచ్చే ఉత్తరాల రద్దీ వలన కిళిమానూరులో తపాలా కార్యాలయం తెరవవలసి వచ్చిందని చెబుతారు.

బరోడా పౌరాణిక చిత్రములు

1888లో శాయాజీరావు బరోడాలోని లక్ష్మీవిలాస్ రాజప్రాసాదం కొరకు పదునాలుగు పౌరాణిక చిత్రాలు వేయమని కోరాడు. ఇందుకు నిర్ణయించిన ప్రతిఫలం 50,000 రూపాయలు. ఆ రోజులలో ఇది చాలా పెద్ద మొత్తం.

పని ప్రారంభించేముందు రవివర్మ తమ్మునితో కలసి ఉత్తర భారతమంతా పర్యటించాడు. పురాణ స్త్రీలకు దేశంలో అందరూ తమదిగా భావించగల వేషధారణ ఏది అన్నది ఆయన సమస్య. ప్రాంతానికొక కట్టు, జాతికొక నగ ఉన్న దేశంలో అటువంటిది ఆయనకు దొరకలేదు. చివరకు చీరకట్టునే ఎన్నుకొన్నాడు. సీతా స్వయంవరం, ద్రౌపదీ వస్త్రాపహరణం, హరిశ్చంద్ర తారామతులు, విశ్వామిత్ర మేనకలు, శంతనుడు - మత్స్యగంధి, అర్జున సుభద్రలు, రాధామాధవులు మొదలైనవి ఈ పదునాలుగింటిలోనివి.

1890లో చిత్రాలు పూర్తయిన తరువాత తిరువనంతపురంలోను, బరోడాకు అప్పగించేముందు బొంబాయిలోను ప్రదర్శించారు. చూడడానికి జనం విశేషంగా వచ్చారు. రాజులకోసం వేసిన చిత్రాలను చూడాలన్న కోరిక సామాన్యులలో ఎంత బలంగా ఉన్నదో ఈ ప్రదర్శనల వలన తెలిసింది.

ముద్రణ ఆలోచన

రవివర్మ చిత్రాలకు కోరికలు పెరిగినకొద్దీ ఒక ఇబ్బంది స్పష్టమయింది. ఒక్కొక్క తైలవర్ణ చిత్రానికి వారాలు, నెలలు పట్టేది. ఎంత శ్రమించినా చిత్రకారుని రెండు చేతులు వేయగలిగినన్ని చిత్రాలే అమ్మకానికి ఉండేవి. వాటిని కొనగలవారు సంస్థానాధీశులు, ఉన్నతోద్యోగులు, ధనిక వర్తకులు మాత్రమే.

ఈ విషయాన్ని ముందుగా గ్రహించినవాడు తిరువాన్కూరులోను, తరువాత బరోడాలోను దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు. కొన్ని మేలైన చిత్రాలను ఐరోపాకు పంపి రంగులలో అచ్చువేయిస్తే ఎక్కువమంది కోరిక తీరుతుందని, అది దేశానికి కూడా సేవ అవుతుందని ఆయన రవివర్మకు సూచించాడు. రవివర్మ ఆ సూచనను వెంటనే అమలు చేయలేదు. బరోడా చిత్రాలకు లభించిన ఆదరణ చూసిన తరువాత, విదేశాలకు పంపడానికి బదులుగా ఇక్కడనే సొంత ముద్రణాలయం నెలకొల్పాలని నిశ్చయించాడు.

దేవతల బొమ్మలను అచ్చువేయడం అప్పటికే దేశంలో ఉన్నది. కలకత్తా ఆర్ట్ స్టూడియో, పూనాలోని చిత్రశాల ముద్రణాలయం 1878 నుండి అటువంటి బొమ్మలను అమ్ముతున్నాయి. అయితే పేరెన్నికగన్న చిత్రకారుడు తన తైలవర్ణ చిత్రాలనే అచ్చు ప్రతులుగా తయారుచేయించి అమ్మడానికి పూనుకొనడం మాత్రం కొత్త విషయం.

ముద్రణాలయ స్థాపన

1894లో రవివర్మ సోదరులు బొంబాయిలో ముద్రణాలయాన్ని ప్రారంభించారు. గోవర్ధనదాస్ ఖటావ్ మఖన్‌జీ అనే వర్తకుడు ఇందులో భాగస్వామి. ఆవిరితో నడిచే యంత్రాలను జర్మనీ నుండి తెప్పించారు. వాటిని నడపడానికి జర్మను నిపుణులను నియమించారు. వారిలో ఫ్రిట్జ్ ష్లైషర్ ముఖ్యుడు. ఇక్కడ అచ్చయిన మొదటి చిత్రం శకుంతల జననం. తరువాత లక్ష్మి, సరస్వతి మొదలైన దేవతల చిత్రాలు వెలువడ్డాయి.

ముద్రణ విధానము

ఈ ముద్రణాలయంలో తయారైన ప్రతులను ఓలియోగ్రాఫులు అంటారు. ఇవి శిలాముద్రణ పద్ధతిలో తయారవుతాయి. నూనె, నీరు కలియవు అన్న సూత్రమే దీనికి ఆధారం. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలకపై జిడ్డు కలిగిన సిరాతో బొమ్మను తలక్రిందులుగా కాక, కుడి ఎడమలు తారుమారుగా గీస్తారు. పలకను నీటితో తడిపి పైన రంగు పూస్తే, గీత ఉన్నచోట మాత్రమే రంగు పట్టుకొంటుంది. దానిపై కాగితాన్ని ఒత్తితే బొమ్మ సరియైన దిశలో పడుతుంది.

ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక కావాలి. మూల చిత్రంలోని రంగులను విడదీసి, ఏ పలకపై ఎంత భాగం రావాలో చుక్కలుగా గీయడానికి నేర్పరులైన పనివారు కావాలి. ఒకే కాగితం వరుసగా పలకలన్నింటిపైకి వెళ్ళాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముఖంపై రంగు చెదిరి ప్రతి పాడవుతుంది. చివరకు తైలవర్ణ చిత్రంవలె మెరుపు రావడానికి పైన వార్నిష్ పూస్తారు. ఇందుకు తగిన రాయి ముఖ్యంగా జర్మనీలోని బవేరియా ప్రాంతంలో దొరికేది. యంత్రాలు, నిపుణులు కూడా సముద్రాలు దాటి రావలసినవే. అందువలన ఒక్క ప్రతి ధర కొద్దిదే అయినా మొదటి ప్రతి బయటికి రావడానికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. పెద్ద సంఖ్యలో అమ్ముడుపోతే తప్ప పెట్టుబడి తిరిగి రాదు.

ప్రజాదరణ

రవివర్మ ప్రతులు దేశం నలుమూలలకు వెళ్ళాయి. కొన్నవారు వాటికి అద్దాలు బిగించి పటాలు కట్టించుకున్నారు. కొందరు చిత్రంలోని చీరలకు జరీ, పూసలు, తళుకులు కుట్టి అలంకరించేవారు. అటువంటి ప్రతులు కొన్ని నేటికీ సేకరణలలో ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో కూడా ఇవి పూజగదుల్లోకి, దుకాణాలలోకి ప్రవేశించాయి.

ఈ ప్రతుల వలన కలిగిన సామాజిక ఫలితం గమనించదగినది. ఆ కాలంలో దేశంలోని అనేక ఆలయాలలోకి కొన్ని కులాల వారికి ప్రవేశం ఉండేది కాదు. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడినది 1936లో. అంతకు నాలుగు దశాబ్దాల ముందే, గర్భగుడి ముందు నిలువలేని మనిషి సైతం కొద్దిపాటి వెలకు దేవత చిత్రాన్ని కొని ఇంటిలో ఉంచుకొని పూజించుకొనే అవకాశం ఈ అచ్చు ప్రతుల వలన ఏర్పడింది. గుడిలో శిల్పరూపంలో ఉన్న దేవత, పటంలో చీర కట్టుకొని, ఇంటి ఆడపడుచువలె కనిపించడం కూడా వాటి ఆదరణకు కారణమయింది.

నష్టములు, విక్రయము

ఇంత ఆదరణ ఉన్నప్పటికీ ముద్రణాలయం లాభించలేదు. ఇందుకు పలు కారణాలు కనిపిస్తాయి.

* 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాధి ప్రబలింది. ప్రజలు పెద్ద సంఖ్యలో నగరం విడిచిపోయారు. వర్తకం, కార్మికుల లభ్యత రెండూ దెబ్బతిన్నాయి.
* భాగస్వామ్యం ఎక్కువకాలం నిలువలేదు. అది రద్దయిన తరువాత భారమంతా రవివర్మ సోదరులపై పడింది.
* సోదరులు చిత్రాలు వేయడానికి నిరంతరం సంస్థానాలు తిరిగేవారు. చిత్రాల వలన వచ్చే ఆదాయం లేనిదే ముద్రణాలయం సాగదు. చిత్రాల కోసం తిరిగితే ముద్రణాలయాన్ని దగ్గరుండి చూసుకొనడం కుదరదు.
* యంత్రాలు, నిపుణులు విదేశాలనుండి రావలసి ఉండడం వలన ఖర్చు తగ్గించుకొనే వీలు తక్కువ.

1899లో ముద్రణాలయాన్ని బొంబాయి నుండి లోనావలా సమీపంలోని మాలవ్లీకి తరలించారు. అప్పటికే అది అప్పులలో కూరుకొనిపోయింది. చివరకు కొత్త శతాబ్దపు తొలి సంవత్సరాలలో దానిని ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మివేశారు. 89 చిత్రాలను అచ్చువేసే హక్కుతో సహా వచ్చిన వెల 25,000 రూపాయలు. బరోడా మహారాజు పదునాలుగు చిత్రాలకు ఇచ్చినదానిలో ఇది సగం.

రవివర్మ చిత్రకారునిగా సంపాదించినదానిని ముద్రణకర్తగా పోగొట్టుకున్నాడు. చిత్రాలను అచ్చువేసే హక్కుతో పాటు, అవి ఏ నాణ్యతతో ప్రజల చేతికి వెళ్ళాలో నిర్ణయించే అధికారం కూడా చేజారింది. తరువాతి కాలంలో ముద్రణాలయం నుండి అంతగా నైపుణ్యంలేని ఇతర చిత్రకారుల బొమ్మలు కూడా వెలువడ్డాయి. వాటన్నింటినీ జనం రవివర్మ బొమ్మలుగానే భావించారు.

చివరి సంవత్సరములు

వ్యాపారం చేజారిన తరువాత కూడా రవివర్మ కుంచె వదలలేదు. 1901లో ఉదయపూర్ సంస్థానంలో చిత్రాలు వేశాడు. 1902లో సోదరులిద్దరూ నిజాం ఆదరణను ఆశించి హైదరాబాదు వచ్చారు. ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ వారికి ఆతిథ్యమిచ్చాడు. ఈ ప్రయాణం ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదు.

1904లో బ్రిటిషు ప్రభుత్వం రవివర్మకు కైసర్-ఇ-హింద్ బంగారు పతకాన్ని ప్రదానం చేసింది. ఆ సందర్భంలో ఆయన పేరుకు ముందు రాజా అని వ్రాశారు. ఆయన ఏ రాజ్యాన్నీ ఏలినవాడు కాదు. తిరువాన్కూరు మహారాజు మూలం తిరునాళ్ దీనికి అభ్యంతరం చెప్పినప్పటికీ ఆ పేరే స్థిరపడిపోయింది.

1905 జనవరిలో తమ్ముడు రాజరాజవర్మ మరణించాడు. చిత్రరచనలోను, వ్యవహారాలలోను కుడిభుజంగా ఉన్న తమ్ముని మరణం రవివర్మను కృంగదీసింది. అప్పటికే ఆయన మధుమేహంతో బాధపడుతున్నాడు. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయార్ కోరిన పౌరాణిక చిత్రాలను పూర్తిచేసిన తరువాత, 1906 అక్టోబర్ 2న తన 58వ ఏట మరణించాడు.

కుటుంబము

1866లో రవివర్మ మావేలిక్కర రాజవంశానికి చెందిన భాగీరథీ బాయిని వివాహం చేసుకున్నాడు. ఆమె 1891లో మరణించింది. వీరికి ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. కుమారుడు రామవర్మ కూడా చిత్రకారుడు. ఆయన 1915లో మావేలిక్కరలో తండ్రి పేరిట చిత్రకళా విద్యాలయాన్ని స్థాపించాడు. 1900లో రవివర్మ మనుమరాళ్ళు సేతు లక్ష్మీబాయి, సేతు పార్వతీబాయిలను తిరువాన్కూరు రాజకుటుంబం దత్తత తీసుకున్నది. తిరువాన్కూరు చివరి మహారాజు చిత్తిర తిరునాళ్ సేతు పార్వతీబాయి కుమారుడు.

ముద్రణాలయ తదుపరి చరిత్ర

ష్లైషర్ ముద్రణాలయాన్ని వ్యాపారదృష్టితో నడిపాడు. దేవతల చిత్రాలతో పాటు సరకుల చీటీలు, వ్యాపార ప్రకటనలు కూడా ముద్రించి ఆదాయ మార్గాలను పెంచాడు. యంత్రం నడపడం తెలిసినవాడు, ఎల్లవేళలా అక్కడే ఉన్నవాడు యజమాని కావడం వలన సంస్థ నిలబడింది. భారతీయ చలనచిత్ర పితామహుడుగా పేరొందిన దాదాసాహెబ్ ఫాల్కే సినిమా రంగంలోకి రాకముందు ఈ ముద్రణాలయానికి సంబంధించిన పనులు చేశాడు. 1972లో జరిగిన అగ్నిప్రమాదంలో ముద్రణాలయం కాలిపోయింది. అనేక మూల ప్రతులు నశించాయి.

విమర్శలు

రవివర్మ మరణానంతరం ఆయన కళపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. ఇ.బి. హావెల్, ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత మొదలైనవారు ఆయన చిత్రాలు పాశ్చాత్య పద్ధతికి అనుకరణలని, దేవతలను నాటక పాత్రలవలె చూపాయని భావించారు. బెంగాల్ చిత్రకళా ఉద్యమం అజంతా, మొగలు, రాజపుత్ర సంప్రదాయాల వైపు మొగ్గింది. చౌక ప్రతుల వ్యాప్తి కూడా విమర్శకుల దృష్టిలో ఆయన స్థాయిని తగ్గించింది. ఇరవైయవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఆయన కృషిని తిరిగి పరిశీలించడం మొదలయింది. ఆ ప్రతులు క్యాలెండర్లకు, తొలినాటి సినిమాలలోని దేవతల వేషధారణకు దారిచూపాయని కళాచరిత్రకారులు గుర్తించారు.

ప్రసిద్ధ చిత్రములు

* కేశాలంకరణ చేసుకుంటున్న నాయర్ స్త్రీ (1873)
* శకుంతల పత్రలేఖనం (1876)
* గాయనీమణుల బృందం (1889)
* అర్జున సుభద్రలు (1890)
* అదుగో నాన్నగారు (1893)
* దుష్యంతుని కోసం వెనుదిరిగి చూస్తున్న శకుంతల (1898)
* హంస దమయంతి (1899)
* జటాయు వధ

వీటిలో ముఖ్యమైనవి తిరువనంతపురంలోని శ్రీచిత్ర కళామందిరం, మైసూరులోని జగన్మోహన ప్రాసాదం, బరోడా రాజవంశీయుల సేకరణలలో ఉన్నాయి.

గుర్తింపు

* 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈయన పది చిత్రాలను ప్రదర్శించారు. వాటికి పతకాలు లభించాయి.
* 1971లో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.
* 1979లో భారత ప్రభుత్వం రవివర్మ చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. ఆ కారణంగా మూల చిత్రాలను దేశం వెలుపలకు అమ్మడం నిషిద్ధం.
* 2013లో బుధగ్రహంపై ఒక బిలానికి వర్మ అని పేరు పెట్టారు.
* మలయాళంలో మకరమంజు (2011), హిందీలో రంగ్ రసియా (2014) చలనచిత్రాలు ఈయన జీవితం ఆధారంగా వచ్చాయి.
* తెలుగు సినిమా పాటలలో స్త్రీ సౌందర్యాన్ని వర్ణించేటప్పుడు రవివర్మ పేరును తలచుకోవడం పరిపాటి.